అడిగింది నేనొక్కదాన్నే

మార్చి 3

వియ్యపురాలు నిన్న పొద్దున పోయింది. కిడ్నీలు. నాకంటే మూడేళ్ళు పెద్ద. ఆ సంగతి బతికున్నన్నాళ్ళూ ఒప్పుకోలేదు.

ఈ డైరీ మావాడు కొత్త సంవత్సరానికి తెచ్చిచ్చాడు. ఇన్నాళ్ళూ మందుల చీటీలు దాచుకోవడానికి వాడాను. ఈరోజు ఎందుకో రాయబుద్ధయింది. బాధపడి కాదు. ఇంత మంచి కాగితం చీటీల మధ్య నలిగిపోతోందని.

ఆసుపత్రి గదిలో మంచం పక్కన నేనే కూర్చుని ఉన్నాను. కోడలు డాక్టరు వెంట వెళ్ళింది. మావాడు నీళ్ళ సీసా పట్టుకుని వరండాలో తిరుగుతున్నాడు. ఇంట్లో ఎవరికి ఏం జరిగినా వాడు చేసేది అదే. అంత్యక్రియల ఆఫీసు నుంచి నల్లకోటు వేసుకున్న మనిషి వచ్చాడు. పిల్లిలా నడిచాడు, దూదిలా మాట్లాడాడు. ఆవిడ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"మీ అక్కగారాండీ?" అన్నాడు.

"వియ్యపురాలు" అన్నాను.

"అయ్యయ్యో, అచ్చం ఒకేలా ఉన్నారండీ" అని ఓ మూలకి వెళ్ళి ఆసుపత్రి చీటీ చూసి తన కాగితం తనే నింపుకున్నాడు. ఎవరినీ ఒక్క ముక్క అడగలేదు. చివర్లో కోడలి అన్న దగ్గరికి వెళ్ళి వేలితో చోటు చూపించి సంతకం పెట్టించుకున్నాడు. ఎంత మర్యాదస్థుడో అని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

ఒకేలా ఉన్నామట. ఆవిడ ముక్కు చూశాడా అసలు?

మార్చి 5

ఎనిమిదింటికి ఫోన్ పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఆ మూల ఎండ బాగా వస్తుంది.

మార్చి 6

మళ్ళీ అక్కడే. ఎండ కోసం.

రోజూ పొద్దున పేపర్లో గళ్ళనుడికట్టు ఆవిడ అక్కడ, నేను ఇక్కడ ముందు పెట్టుకునేవాళ్ళం. ఎనిమిదింటికి ఆవిడ ఫోన్ చేసేది. హలో కూడా లేదు, "అడ్డం నాలుగు వచ్చిందా?" అనేది. వచ్చిందనేదాన్ని, రాకపోయినా. దాన్ని స్నేహం అనను. పోటీ.

మార్చి 11

మరణ ధ్రువపత్రం వచ్చింది. కోడలి అన్న మనిషి చేత పంపించాడు, తను రాలేదు.

కోడలు భోజనాల బల్ల దగ్గర కూర్చుని చదివింది. పేరు సరిగ్గానే ఉంది. వయసు సరిగ్గానే ఉంది, ఇప్పుడిక ఆవిడ కాదనలేదు. కారణం, చోటు, వేళ, అన్నీ ఉన్నాయి. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఏమిటే?" అన్నాను.

కాగితం నా వైపు తిప్పింది. 'చనిపోయినవారు మూలవాసులా?' అని ఉన్నచోట 'కాదు' అని టిక్కు.

కోడలి వాళ్ళు ఏటికి ఎగువన ఉండే జనం. ఈ నేల మీద మా అందరికన్నా ముందునుంచీ ఉన్నవాళ్ళు. మా కోడలు జనన మరణాలు నమోదు చేసే ఆఫీసులో పని చేస్తుంది. ఏళ్ళ తరబడి ఆవిడ పనల్లా ఈ ఒక్క టిక్కు. ఆసుపత్రి గుమాస్తాలకీ, అంత్యక్రియల వాళ్ళకీ చూసి రాయకండి, అడిగి రాయండి అని నేర్పుతూ తిరుగుతుంది.

"ఊళ్ళో అందరి తప్పులూ దిద్దుతానంటూ తిరుగుతున్నాను అత్తయ్యా. మా అమ్మ కాగితం మీదే తప్పు పడింది" అంది.

"పోనీలే, ఒక టిక్కు."

"ఒక టిక్కే. మావాళ్ళు పుట్టినప్పుడు తల్లులు గట్టిగా చెప్తారు, రాయించుకుంటారు. పోయినప్పుడు ఎవరూ అడగరు, ఎవరో చూసి ఏదో రాసేస్తారు. కాగితం ప్రకారం మావాళ్ళు పుడతారంతే, చావరు."

"అమరులన్నమాట."

నవ్వింది. వాళ్ళమ్మ ఉంటే ఇంకా గట్టిగా నవ్వేది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"ఎగువన మావాళ్ళకి కిడ్నీలు పోతున్నాయి, అమ్మకి పోయినట్టే. నీళ్ళలో ఏదో ఉందంటే లెక్క చూపించమంటారు. లెక్కలో ఎవరూ పోవట్లేదు. చావనివాళ్ళకి డాక్టరెందుకని అక్కడి ఆసుపత్రి ఎత్తేశారు. అమ్మ ఆ లెక్కలోనైనా ఉండాలి కదా."

 నేనేమీ అనకపోవడం చూసి మావాడు జ్వరమేమోనని నా నుదురు పట్టుకుని చూశాడు.

మార్చి 12

దిద్దించడానికి రూలు ఇది: మొదట సంతకం పెట్టినవాళ్ళే వచ్చి మార్చమని అడగాలి. అంటే కోడలి అన్న. రక్తసంబంధం లేనివాళ్ళు, పోయిన మనిషిని బాగా ఎరిగినవాళ్ళు ఒకరు సాక్ష్యం చెప్పాలి. నెలాఖరుకి ఏడాది లెక్క మూసేస్తారు. ఆ తర్వాత కోర్టుకి వెళ్ళాల్సిందే, ఈలోగా ఈ ఏటి లెక్కలో ఆవిడ 'కాదు'గానే మిగిలిపోతుంది. కోడలు అదే ఆఫీసులో పని చేస్తుంది కాబట్టి సొంతవాళ్ళ కాగితం ముట్టుకోకూడదు.

సాయంత్రం కోడలి అన్న వచ్చాడు. బ్యాంకు మేనేజరు. నేను మనసులో ఇస్త్రీ అని పిలుచుకుంటాను. ఎండైనా వానైనా అతని చొక్కా మీద ముడత ఉండదు. తల్లిని సాగనంపిన రోజు కూడా లేదు.

కోడలు కాగితం ముందు పెట్టింది. చదవనైనా చదవలేదు.

"చూశాను. సంతకం పెట్టేటప్పుడే చూశాను."

"చూసి పెట్టావా అన్నయ్యా?"

"అమ్మ మనకేం చెప్పింది చిన్నప్పుడు? బళ్ళో ఎవరికీ చెప్పద్దంది. చెప్పానా నేను? ఇన్నేళ్ళలో ఒక్కడికి చెప్పానా? ఇప్పుడావిడ పోయాక ఊరంతా చాటాలా?"

"ఊరు కాదు, లెక్క."

"లెక్కలు రాసేది ఊళ్ళోవాళ్ళే కదమ్మా."

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "బాబూ, మీ అమ్మగారు సిగ్గుపడే మనిషైతే కాదు" అన్నాను.

ఇస్త్రీ నా వైపు తిరిగాడు. ఎప్పుడూ గొంతు పెంచనివాడు, అప్పుడూ పెంచలేదు. "ఆ రోజు మీరడిగింది చాలు అత్తయ్యగారూ" అన్నాడు. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఏ రోజో నాకు తెలియదు. నేను రోజూ ఎవరినో ఏదో అడుగుతూనే ఉంటాను.

మార్చి 13

తెలియదు అంటే తెలియదు.

మార్చి 15

ఆసుపత్రిలో కోడలు క్లాసు చెప్తుంటే వెంట వెళ్ళాను. మోకాళ్ళకి నడక మంచిదని డాక్టరు చెప్పాడు. కారులో వెళ్ళాంలే గానీ కారు దాకా నడిచాను.

క్లాసులో వార్డు గుమాస్తాలు, పురుటి గది నర్సులు ఉన్నారు. అంత్యక్రియల ఆఫీసుల వాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. మొదటి వరసలో నల్లకోటు, మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని, ఎంత బుద్ధిగానో. నా చేతిలో గొడుగు ఉంది. ఆ గొడుగు ఇప్పటిదాకా మంచి పనికి వాడలేదు కదా అనిపించింది.

కోడలు నన్ను లేపి ముందుకి పిలిచింది. "ఈవిడని చూసి రాయండి, మూలవాసా, కాదా" అంది.

అందరూ నన్ను చూశారు. టీచరుగా ఉన్నన్నాళ్ళూ క్లాసులో నేను పిల్లల్ని అలా చూశాను, ఆ చూపు ఇటు తిరిగితే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ఒకమ్మాయి నా రంగు చూసింది. ఒకడు నా చెప్పులు చూశాడు. చెప్పుల్లో ఏం రాసి ఉంటుందో! కాగితాలు తీసుకుని విప్పితే సగంమంది అవునన్నారు, సగంమంది కాదన్నారు. ఒకాయన 'బహుశా' అని రాశాడు.

"ఎవరైనా ఈవిడని అడిగారా?" అంది కోడలు. ఒక్కరూ అడగలేదు.

నల్లకోటు చెయ్యెత్తాడు. "మేడమ్, మీరు చెప్పింది నిజమేనండీ. కానీ అంత దుఃఖంలో ఉన్నవాళ్ళని పట్టుకుని అది అడిగితే బాగోదు కదండీ?"

"వయసు అడుగుతారా?"

"అడుగుతామండీ."

"పెళ్ళయిందా అని?"

"అడుగుతామండీ."

"ఏం జబ్బుతో పోయారని?"

"తప్పదు కదండీ."

"మరి ఇది అడగడానికే నోరు రాదేం? మీరు సిగ్గుపడి మానేశారంటే ఇది సిగ్గుపడాల్సిన సంగతని వాళ్ళకి చెప్పినట్టే. అందరినీ అడగండి. తెల్లగా ఉన్నా, నల్లగా ఉన్నా, మంచి బట్టలున్నా, లేకపోయినా. అడ్రసు అడిగే గొంతుతోనే అడగండి. అవునంటే అవును రాయండి, కాదంటే కాదు రాయండి, చెప్పనంటే చెప్పలేదని రాయండి. అడగడం మన పని, జవాబు వాళ్ళది. మీ కళ్ళని మాత్రం రాయనివ్వకండి."

నేను బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యాను. చివరి అయిదేళ్ళు హెడ్మిస్ట్రెస్‌ని. క్లాసు ఎవరి చేతిలో ఉందో నాకు గుమ్మంలోంచే తెలిసిపోతుంది. ఆ గదిలో ఈగ కూడా కోడలిని అడిగే వాలింది.

దారిలో అడిగాను. "మా అమ్మకి తప్పు రాసింది నువ్వేనని వాడి మొహం మీద చెప్పలేకపోయావా? ముందే కూర్చున్నాడు కదా."

"చెప్తే సిగ్గుపడతాడు అత్తయ్యా. సిగ్గుపడ్డవాడు ఇంకెవరినీ అడగడు. వచ్చేవారం ఇంకెవరి అమ్మో అతని చేతిలోకి వస్తుంది."

నాకైతే ఆ ఆలోచన జన్మలో రాదు. గొడుగు దాకానే వస్తుంది.

మార్చి 17

సరే, ఆ రోజు తెలుసు.

మావాడు ఈ పిల్లని చేసుకుంటానన్నప్పుడు మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళాం. రెండు గదుల అద్దె ఇల్లు. కిటికీ పక్కన ఇస్త్రీ బల్ల. ఆవిడ కొడుకు అప్పుడే బ్యాంకులో చేరాడు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పిల్ల ట్రేలో టీ తెచ్చింది. అందరూ వాతావరణం గురించి మాట్లాడారు. మా ఆయన వాతావరణం గురించి అంత మాట్లాడగలడని నాకప్పటిదాకా తెలియదు. నాకు ఒళ్ళు మండింది. మనిషిని చూస్తే ఎక్కడివాళ్ళని అడగడం నాకు ఉద్యోగంతో వచ్చిన రోగం.

"మీరెక్కడివాళ్ళండీ? ఏ జనం?" అన్నాను.

మావాడు దగ్గాడు. మా ఆయన టీలో ఏదో పడ్డట్టు కప్పులోకి చూశాడు. గోడకానుకున్న కుర్రాడు బయటికి వెళ్ళిపోయాడు. వియ్యపురాలు, అప్పటికింకా కాలేదు, నా వైపు చూసింది.

ఆవిడ ఏమందో ఇక్కడ రాయను. నాకు గుర్తుంది, చాలు.

మార్చి 18

నిలువు ఏడు రాలేదు. ఈ పేపరువాడికి తెలివి తగ్గింది.

మార్చి 20

ఇస్త్రీ ఫోన్ ఎత్తడం లేదు. కోడలు రెండుసార్లు చేసి మానేసింది.

"నువ్వు ఆ ఆఫీసులోనే కూర్చుంటావు కదే. ఒక టిక్కు మార్చడానికి ఇంత రభసెందుకు? ఎవరు చూస్తారు?" అన్నాను.

కూర తరుగుతున్నదల్లా కత్తి కింద పెట్టింది. "ఇంకెవరో వాళ్ళిష్టం వచ్చినట్టు టిక్కు పెట్టారనే కదా అత్తయ్యా నా ఏడుపు! నేనూ అలాగే పెడితే ఇక తేడా ఏముంది?"

"నువ్వు నిజం పెడతావు."

"అతనూ నిజమే పెట్టాననుకున్నాడు."

"మరి మీ అన్నయ్యని నాలుగు దులుపు."

"దులపను. మీ కుటుంబం జవాబు మీది అని ఊరంతా చెప్తాను. మా అన్నయ్య దగ్గరికొచ్చేసరికి మాట మార్చనా? అడిగాను. కాదన్నాడు. కాదన్నా అది జవాబే."

అని ఉల్లిపాయలు తీసుకుంది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలని ఇద్దరం ఒప్పుకున్నాం.

ఈ ఇంట్లో నన్ను కసిరిన మొదటి మనిషి కోడలి తల్లి, పేకాటలో నేను ముక్క దాచినప్పుడు. రెండోది ఈమె. మిగతావాళ్ళంతా నాకు భయపడతారు, అందుకే వాళ్ళతో మాట్లాడితే పొద్దుపోదు.

మార్చి 21

ఫోన్. ఎండ.

మార్చి 24

మునిమనవరాలు పుట్టింది! పొద్దున్నే. మనవరాలు క్షేమం. పిల్లకి మా వియ్యపురాలి ముక్కు వచ్చింది. పాపం, ఏం చేస్తాం, పెద్దయ్యాక అలవాటు పడుతుంది. ఇప్పుడు అలసిపోయాను. ఇంకా రాయాల్సింది చాలా ఉంది. రేపు.

మార్చి 25

నిన్నటిది.

మధ్యాహ్నానికి వార్డులో అందరం ఉన్నాం. మనవరాలి మంచం కిటికీ పక్కన. మావాడు నీళ్ళ సీసాతో. మేనమామ కదా, ఇస్త్రీ కూడా వచ్చాడు, పూలగుత్తితో. చెల్లెలితో మాట్లాడలేదు గానీ పిల్లని ఎత్తుకుని మెడ వంచి చాలాసేపు చూశాడు. ముక్కు దగ్గర ఆగాడనుకుంటాను.

వార్డు గుమాస్తా వచ్చింది. కోడలి క్లాసులో నా రంగు చూసిన అమ్మాయే. మొదట పక్కమంచం దగ్గరికి వెళ్ళింది. ఆ బాలింత తెల్లగా, పొడుగ్గా, మెడలో గొలుసుతో ఉంది. బిడ్డ పుట్టిన వేళ, బరువు, తండ్రి పేరు అడిగింది. అదే ఊపులో "బిడ్డ మూలవాసి అవుతుందాండీ, తల్లి తరఫున గానీ తండ్రి తరఫున గానీ?" అంది.

"మమ్మల్ని చూస్తే అలా ఉన్నామా?" అంది బాలింత అత్తగారు, దిండు సర్దుతూ.

"చూసి రాయకూడదండీ. అందరినీ అడగాలి."

"కాదు."

"సరేనండీ" అని రాసుకుని మా మంచం దగ్గరికి వచ్చింది. అదే గొంతు. వేళ, బరువు, తండ్రి పేరు. "బిడ్డ మూలవాసి అవుతుందాండీ?"

"అవును" అంది మా మనవరాలు, పిల్ల నోటికి అంటిన పాలు తుడుస్తూ. "మా అమ్మ తరఫున."

"సరేనండీ. అడ్రసు?"

అంతే. పిల్లని తూచడానికి అంతకన్నా ఎక్కువసేపు పట్టింది. పక్కమంచం అత్తగారు ఒకసారి తలెత్తి చూసింది. "పిల్ల ఎంత బరువుందండీ?" అంది. చెప్పాం. వాళ్ళ పిల్ల ఎక్కువ బరువుందట, అది చెప్పుకుంది.

చూస్తే మంచం కాళ్ళ దగ్గర ఇస్త్రీ లేడు. తలుపు మూసుకుంటోంది.

నేను కర్ర పట్టుకుని లేచాను. మోకాళ్ళ సంగతి ఆ నిమిషంలో గుర్తులేదు. వరండా చివర కిటికీ దగ్గర దొరికాడు.

"ఆగు" అన్నాను. "ఎప్పుడూ ప్రశ్న విని వెళ్ళిపోతావేం? జవాబు దాకా ఉండవా?"

"జవాబు విన్నాను అత్తయ్యగారూ. దాని పిల్ల, దానిష్టం."

"ఈ జవాబు కాదు. ఆ రోజుది."

అర్థమైంది. కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడాడు. "మీరు ఏ జనమని అడిగారు. అమ్మ చేతిలో కప్పు ఆగిపోయింది. రోజూ పొద్దున్నే లేచి నా చొక్కా ఇస్త్రీ చేసేది తెలుసా మీకు, బళ్ళో ఎవరూ వేలెత్తి చూపకూడదని. చేతులు కాల్చుకునేది. అంతా చేశాక, పెళ్ళి మాటలకని వచ్చి, మీరు ఒక్క మాటతో... నేను చూడలేకపోయాను. వెళ్ళిపోయాను."

"వెళ్ళావు. అదే నువ్వు చేసిన పొరపాటు. మీ అమ్మ ఏమందో తెలుసా?"

తల అడ్డంగా ఊపాడు. యాభై దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా.

చెప్పాను. నా గొంతుతో కాదు, ఆవిడ గొంతుతో. వస్తుందని నాకే తెలియదు.

"'అబ్బ, ఎన్నాళ్ళకి అడిగారండీ ఎవరో ఒకరు!' అంది మీ అమ్మ. కప్పు కింద పెట్టి కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. 'మాది ఏటి ఎగువ. మా అమ్మది ఎగువే, వాళ్ళమ్మది ఎగువే. ఆనకట్ట కట్టి మా ఇళ్ళు నీళ్ళలో ముంచితే దిగువకి వచ్చాం. ఇక్కడందరూ మహా మర్యాదస్థులండీ, ఒక్కరూ ఏమీ అడగరు. అడక్కుండా నేనెలా చెప్పుకోను, బజారులో నిలబడి? పిల్లల్ని మాత్రం చెప్పద్దన్నాను. బళ్ళో దెబ్బలు తినేది వాళ్ళు కదా, వాళ్ళు పెద్దయ్యేదాకా. నాకేం భయం? నన్నడిగితే నేను చెప్తాను. మీరడిగారు, చెప్పాను.' అని, ఊరుకుందా? 'మరి మీరెక్కడివాళ్ళు?' అంది. చెప్పాను. 'మీ అమ్మమ్మ వాళ్ళమ్మది?' అంది. నాకు తెలియలేదు. భూగోళం టీచర్ని! మీ అమ్మ ఎంత నవ్విందనుకున్నావు! నువ్వు గేటు దగ్గర నిలబడి ఉంటావు, ఆ నవ్వు వినిపించలేదా?"

"వినిపించింది" అన్నాడు. "మర్యాదకి నవ్వుతోందనుకున్నాను."

"మీ అమ్మా? మర్యాదకా?"

దానికి అతనికి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో మొహం తిప్పేసుకున్నాడు. అటు తిరిగే, "నాతో ఎప్పుడూ అనలేదే అత్తయ్యగారూ, నన్నడిగితే చెప్తానని" అన్నాడు.

"నువ్వడిగావా?"

చొక్కా చేతి మడత సర్దుకున్నాడు.

సంతకం మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకో వారంలో లెక్క మూసేస్తారు, వెళ్ళి పెట్టు నాయనా, అని. కోడలు గుర్తొచ్చింది. మింగాను. మాట మింగడం నాకు అలవాటు లేదు, గొంతులో ఇంకా అడ్డంగానే ఉంది.

మార్చి 26

ఏమీ లేదు.

మార్చి 27

ఏమీ లేదు. పిల్ల ఇంటికొచ్చింది. అరుస్తుంది. మంచి గొంతు.

మార్చి 28

పక్కవీధి పెద్దాయన పోయాడు. చూడటానికి వెళ్ళాను. నల్లకోటు వచ్చి ఉన్నాడు. ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఒక్కొక్కటే అడిగాడు. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి చెవులు ఎర్రబడ్డాయి గానీ అడిగాడు. వాళ్ళు కాదన్నారు. "సరేనండీ" అన్నాడు. కోడలి గొంతే.

పోయేముందు నన్ను చూసి, "మీరు వారి అక్కగారాండీ?" అన్నాడు.

పరవాలేదు, అడిగే రాసుకుంటున్నాడు.

మార్చి 30

పొద్దున ఆఫీసులు తెరిచే వేళకి గుమ్మంలో కారు. ఇస్త్రీ దిగాడు. చొక్కా ఎప్పటిలాగే, ముడత లేదు. "సాక్షి ఒకరు కావాలట కదా. మీరొస్తారా అత్తయ్యగారూ?" అన్నాడు. చెప్పులు ఎక్కడున్నాయో వెతుక్కోవడానికే నాకు సమయం పట్టింది, లేకపోతే ఎప్పుడో కారులో ఉండేదాన్ని.

నమోదు కార్యాలయం నేను లోపలినుంచి చూడలేదు ఎప్పుడూ. పొడుగాటి హాలు, అద్దాల కిటికీలు, బల్లకి దారంతో కట్టేసిన పెన్నులు. మమ్మల్ని చూడగానే కోడలు తన సీట్లోంచి లేచి వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. సొంతవాళ్ళ కాగితం, రూలు. ఆవిడ పెట్టిన రూలు కాదు, పాటించిన రూలు. ఇంకొకళ్ళైతే తలుపు సందులోంచైనా చూసేవాళ్ళు. నేనైతే కుర్చీ వేసుకుని చూసేదాన్ని.

కిటికీలో బట్టతల గుమాస్తా. "చనిపోయినవారు మీకేమవుతారు?"

"అమ్మ."

"వారు మూలవాసులా?"

"అవును" అన్నాడు. గట్టిగా కాదు, మెల్లగా కాదు. అడ్రసు చెప్పినట్టు.

"దరఖాస్తు చేసేవారిని కూడా అడగాలండీ. మీరు?"

ఇస్త్రీ బల్లకి కట్టిన దారాన్ని వేలికి చుట్టుకున్నాడు. విప్పాడు. నేను నోరు తెరవలేదు, ఇది డైరీలో రాసి పెట్టుకోవాల్సిన సంగతే.

"ప్రస్తుతానికి... చెప్పలేదని రాయండి" అన్నాడు.

"సరేనండీ" అని రాసుకున్నాడు గుమాస్తా. కళ్ళజోడు మీదుగా చూడనైనా చూడలేదు. తర్వాత నా వంతు. "ఆవిడ మూలవాసి అని మీకెలా తెలుసమ్మా?"

నాలుగు పేజీలకి సరిపడా చెప్పాలని కారులో అంతా అల్లుకుంటూ వచ్చాను. అదంతా ఎటు పోయిందో. "అడిగాను. చెప్పింది" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

ఆఫీసు మూసేదాకా అక్కడే కూర్చుని, ఇంటికి కోడలూ నేనూ బస్సులో వచ్చాం. కిటికీ పక్కన కూర్చుని టిక్కెట్టు మడతపెడుతూ అంది. "ఈ ప్రశ్న ఎలా అడగాలో నాకు మీ దగ్గరే తెలిసింది అత్తయ్యా."

"నా దగ్గరా? నేను నోటిదురుసుతో అడిగానే."

"నేను టీ ట్రేతో అక్కడే నిలబడ్డాను కదా. అందరూ భయపడుతున్నారు, మీరు ఒక్కరే, పాలు తాజావేనా అన్నట్టు అడిగారు. అమ్మ మొహం ఎలా విప్పారిందో చూశాను. క్లాసులో నేను చెప్పేది అదే గొంతు."

పొగడ్తలు నాకు పడవు. దిగాల్సిన స్టాపు వచ్చిందని అబద్ధం చెప్పి ఒక స్టాపు ముందే దింపేశాను. మోకాళ్ళకి నడక మంచిది.

కానీ రాసి పెట్టుకుంటాను: ఆ తల్లి కన్న పిల్ల ఈ పిల్ల. నా ఇంటికి వచ్చింది. అది నా అదృష్టం అని నేను ఎవరికీ చెప్పను.

ఏప్రిల్ 4

కొత్త ధ్రువపత్రం వచ్చింది. లెక్క మూసేలోపే ఎక్కింది. కోడలు తీసుకొచ్చి ఫోన్ బల్ల మీద, నా కుర్చీ పక్కన పెట్టి వెళ్ళింది. 

'అవును' అని ఉంది.

వదినగారూ, మీరు పోయారు. ఇప్పుడిక కాగితం ప్రకారం కూడా.

ఏప్రిల్ 5

ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

కాసేపు తీయలేకపోయాను. అయిదోసారి మోగాక తీశాను.

"అత్తయ్యగారూ" అన్నాడు ఇస్త్రీ. "పనిలో ఉన్నారా? ఒకటి అడగొచ్చా?"

"అడుగు."

"అమ్మ ఆ రోజు మీతో ఇంకా ఏమేం చెప్పింది? వాళ్ళ అమ్మమ్మ పేరు చెప్పిందా? నాకు తెలియదు."

"చెప్పింది. ఆ రోజే కాదు, తర్వాత చాలా చెప్పింది. పెన్నూ కాగితం తెచ్చుకో, నిదానంగా చెప్తాను. ముందు నీ దగ్గర ఈరోజు పేపరుందా? నిలువు ఏడు చూడు."

చాలాసేపు మాట్లాడాం. కాళ్ళు చల్లబడితే కోడలు శాలువా తెచ్చి కప్పింది.

ఈ మూల ఎండ రాదు. ఎప్పుడూ రాలేదు.